వడ్ల సీజన్ వచ్చేలోపు మనసు కుదుట పెట్టుకునే పని: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

నల్లగొండ జిల్లా తిప్పర్తి దగ్గర ఒక ఊళ్లో మా మహిళా సంఘం తరఫున ఐకేపీ వడ్ల సెంటర్, అంటే సర్కారు కోసం రైతుల వడ్లు కొనే కేంద్రం, నేనే చూసుకుంటాను. ఏప్రిల్ వచ్చిందంటే బడి పక్కన జాగా నిండా కుప్పలే. తేమ చూడాలి, టోకెన్ ఇవ్వాలి, బార్దాన్ (గోనె సంచులు) లెక్కబెట్టాలి, దగ్గరుండి కాంటా పెట్టించాలి, లారీ కోసం ఫోన్లు చెయ్యాలి, ట్రక్ షీట్ (లారీ లోడు కాగితం) రాయాలి, అన్నీ ట్యాబ్‌లో ఎక్కించాలి. ఖాతాలో పైసలు పడేదాకా ప్రతి రైతూ నన్నే అడుగుతాడు. అడగడం తప్పు కాదు, ఆరు నెలల కష్టం అది.

పోయిన యాసంగిలో గుండె దడ మొదలైంది. అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పినట్టు, రాత్రి రెండింటికి మెలకువ. సీజన్ అయిపోయింది కానీ అవి పోలేదు. సంక్రాంతికి అత్తమ్మతో కూర్చొని సకినాలు చుడుతున్నప్పుడు కూడా ఏదో కాబోతుందన్న బుగులు. ఇంట్లో అంతా మంచిగనే ఉంది, పిల్లలు పక్కనే ఆడుకుంటున్నారు.

అందుకే ఈసారి సెంటర్ తెరిచేదాకా ఆగకుండా ఇప్పుడే పని మొదలుపెడుతున్నాను. నారు పోసుకోకుండా నాటుకు కూలీలను పిలవలేం. ఏం చేశాను, ఏది కుదిరింది, ఏది కుదరలేదు అన్నది ఈ డైరీలో రాసుకుంటాను. మా సంఘంలో ఇలాగే లోపల లోపల కుమిలేవాళ్లు ఇంకా ఉన్నారని నాకు తెలుసు.

మొదటి పని డాక్టరు దగ్గర. గుండె దడ అనగానే అది మనసుదేనని మనకు మనం తేల్చుకోవద్దు. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా, ఒంట్లో రక్తం తక్కువైనా ఇలాగే ఉంటుంది. నాకు ఈసీజీ, థైరాయిడ్ బాగున్నాయి. రక్తం తక్కువుంది, ఐరన్ మాత్రలు రాసిచ్చారు. డాక్టరమ్మ ఇంకో కాగితం కూడా ముందు పెట్టారు. దాని పేరు జీఏడీ-7. 2006 నుంచి వాడుకలో ఉన్న ప్రశ్నావళి. గడిచిన రెండు వారాల్లో కంగారుగా ఉందా, రంది ఆపుకోలేకపోయారా, కుదురుగా కూర్చోలేకపోయారా, ఊరికే చిరాకు వచ్చిందా, ఏదో ఘోరం జరుగుతుందని భయం వేసిందా, ఇట్లా ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 21. ఐదు నుంచి కొద్దిపాటి ఆందోళన, పది నుంచి మధ్యరకం, పదిహేను నుంచి తీవ్రం. నాది పది దాటింది.

“ఈ కాగితం చూసి జబ్బని తేల్చలేమమ్మా, ఇబ్బంది ఎంతుందో మాత్రం తెలుస్తుంది. అలవాట్లు మార్చి చూడు, మళ్లీ రా. తగ్గకపోతే మాటలతో చేసే వైద్యం ఉంది, మందులు ఉన్నాయి, భయపడేదేం లేదు” అన్నారు. ఆ చివరి మాటకే నాకు సగం ఊపిరి తిరిగింది.

ఫిబ్రవరి, మూడో వారం

చాయ్‌తో మొదలుపెట్టాను. మా దగ్గర చాయ్ అంటే మర్యాద. ఎవరింటికి పోయినా చాయ్, మీటింగ్‌లో చాయ్, సెంటర్ దగ్గర రైతు తెప్పిస్తే చాయ్. వద్దంటే బాధపడతారు. కానీ చాయ్‌లోని కెఫీన్ గుండె వేగాన్ని పెంచుతుంది, తాగిన సుమారు ఐదు గంటల తర్వాత కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి తాగింది రాత్రి పదకొండింటికి కూడా పని చేస్తూనే ఉంటుందన్నమాట. నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఐరన్ మాత్రకు దగ్గర్లో చాయ్ తాగితే మాత్ర ఒంటికి సరిగా పట్టదు, కనీసం గంటైనా ఎడం ఉండాలి.

ఒక్కసారే మానేస్తే తలనొప్పి వస్తుంది కాబట్టి మెల్లగా తగ్గించాను. ఇప్పుడు పొద్దున ఒకటి, పదకొండింటికి ఒకటి. మధ్యాహ్నం తర్వాత మజ్జిగ, లేదంటే జొన్న అంబలి. ఎవరైనా గ్లాసు చేతికిస్తే “డాక్టరమ్మ వద్దన్నది పెద్దయ్యా, మజ్జిగ ఉంటే పోయించు” అంటున్నాను. అలా అడిగితే ఎవరి మనసూ నొచ్చుకోవడం లేదు.

మార్చి, మొదటి సగం

కళ్లు మూసుకొని కూర్చొని శ్వాస మీద ధ్యాస పెట్టడం నాకు కుదరలేదు. కళ్లు మూస్తే గుండె చప్పుడే వినబడుతుంది, దాంతో ఇంకా గాబరా. కొందరికి ఇలా అవుతుందని, అందులో వింతేమీ లేదని డాక్టరమ్మ చెప్పారు. కళ్లు తెరిచి, చేతులు ఆడుతుండగా చేసే పద్ధతి పట్టుకోమన్నారు.

నాకు కుదిరింది చాట. పొద్దున బియ్యం చెరిగేటప్పుడు ఫోన్ లేదు, టీవీ లేదు. చాట ఎగరేస్తే బియ్యం ఒక్క దెబ్బకు లేచి మళ్లీ పడే చప్పుడు, నూకలు ముందుకు జారడం, తవుడు గాలికి లేచి ముంజేతికి అంటుకోవడం. మట్టిపెళ్ల కనబడితే వేలితో తీసి పక్కన పెట్టడం. మనసు లారీ మీదికి పోతే పోయిందని గమనించి మళ్లీ చాట మీదికి తెచ్చుకుంటాను. ఎన్నిసార్లు పోయినా కోపం తెచ్చుకోకుండా మళ్లీ తెచ్చుకోవాలి. అసలు సాధన అదే. మనసు ఎక్కడికీ పోకుండా కట్టెయ్యాలనుకుంటే ఎవరి వల్లా కాదు.

మనిషి మనసును ఇలా ఉన్నచోటికి తెచ్చుకోవడం మన నేలకు కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో బుద్ధవనం అనే బౌద్ధ పార్కు చూసినవాళ్లకు తెలుసు, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలోనే బౌద్ధ విహారాలు వెలిశాయి. శ్వాసను గమనించే ఆనాపానసతి బౌద్ధుల సాధనే. దాన్నే అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో ఆసుపత్రి రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణగా మార్చారు. అక్కడే 276 మంది ఆందోళన రోగులతో చేసిన ఒక పరిశోధన 2022లో అచ్చయింది. సగం మందికి ఆ శిక్షణ, సగం మందికి ఎస్సిటలోప్రామ్ అనే మందు ఇస్తే, శిక్షణ మందుకు తీసిపోలేదని తేలింది. ఇది చదివి మందులు వాడేవాళ్లు సొంతంగా ఆపెయ్యొద్దు. ఆపాలన్నా, తగ్గించాలన్నా డాక్టరుతో మాట్లాడాకే.

శ్వాసను పూర్తిగా వదిలెయ్యలేదు. ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. గాలి బయటికి వదిలేటప్పుడు వేగస్ అనే నరం గుండెను నెమ్మది చేస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. కళ్లు తెరిచే, గిన్నెలు తోముకుంటూ చేస్తున్నాను. సెంటర్ మొదలైతే దీన్ని ఏ పనికి తగిలించాలో ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.

మార్చి, ఉగాది దాటాక

ఈ రెండు వారాలు ఫోను, నోట్‌బుక్కు.

ఫోన్‌లో ఎన్ని వాట్సాప్ గ్రూపులో. సంఘం గ్రూపు, మండలం గ్రూపు, సెంటర్ల గ్రూపు, రైతుల గ్రూపు. రాత్రి పదింటికి కూడా టింగుమంటుంది. చిరిగిన బార్దాన్ సంచి నుంచి మంచి ముక్క కత్తిరించి, లోపల పాత చీర గుడ్డ వేసి, ఫోన్ పట్టేంత జేబు కుట్టాను. నడిమింట్లో దర్వాజా పక్క మేకుకు తగిలించాను. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఫోన్ అందులోనే. అత్యవసరమైతే రింగ్ వినబడుతుంది, మెసేజ్‌లకు శబ్దం తీసేశాను. అలారానికి తిప్పర్తి అంగట్లో చిన్న గడియారం కొన్నాను. జనపనార కదా, జేబు గరుకుగా ఉంటుంది. అలవాటుగా చెయ్యి దానిమీద పడగానే ఆ గరుకు తగిలి ‘ఇప్పుడు కాదు’ అని గుర్తొస్తుంది.

వాతావరణం కూడా అంతే. గంటకోసారి చూస్తే వాన ఆగదు, బుగులు మాత్రం పెరుగుతుంది. వాతావరణ శాఖ హెచ్చరికలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తున్నాను. పసుపా, నారింజా, ఎరుపా అన్నది తెలిస్తే నాకు చాలు. పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకున్నాను, అవసరమైతే అదే మోగుతుంది.

ఇక నోట్‌బుక్. దానిమీద ‘రంది పద్దు’ అని రాశాను. రందికి రోజులో ఒక టైము, ఒక చోటు పెట్టి, మిగతా వేళల్లో వస్తే “నీ టైము సాయంత్రం” అని వాయిదా వెయ్యాలి. అమెరికాలో థామస్ బోర్కోవెక్ అనే మానసిక శాస్త్రవేత్త బృందం 1983లో ప్రచురించిన పద్ధతి ఇది, వాళ్లు రోజుకు అరగంట పెట్టారు. నేను సాయంత్రం ఆరింటికి, పెరట్లో వేపచెట్టు కింది బండ మీద కూర్చుంటాను. మంచం మీద మాత్రం కూర్చోను, మంచం నిద్రకే.

పేజీకి నడిమిట్ల గీత. ఎడమ దిక్కు రంది, కుడి దిక్కు దానికి రేపు నేను చెయ్యగలిగిన పని. చేతిలో లేనిదైతే ‘నాది కాదు’ అని రాసి వదిలెయ్యాలి. మొన్నటి పేజీలో ఇలా ఉంది:

‘టార్పాలిన్లు సరిపోవేమో.’ దాని ఎదురుగా ‘రేపు విప్పి లెక్కపెట్టాలి, చిరిగినవి పక్కన పెట్టాలి.’

‘మిల్లు వాళ్లు తాలు ఎక్కువుందని లోడు తిప్పి పంపితే?’ దాని ఎదురుగా ‘తూర్పారపట్టే మిషన్ ఒకసారి నడిపి చూడాలి. శాంపిల్ కవర్లు కొనాలి.’

‘గాలివాన వస్తే?’ దాని ఎదురుగా ‘వాన నాది కాదు. కుప్పల చుట్టూ కాలువ తీయించడం నాది.’

తలలో తిరిగినంతసేపు ఆ మూడూ కలిసి ఒక కొండలా మీద పడేవి. కాగితం మీద పెట్టాక రెండు పనులు, ఒక వాన అయినాయి. వాయిదా వెయ్యడం మొదటి రోజుల్లో కష్టంగానే ఉంది. వారం గడిచాక, ఆరింటికి బండ మీద కూర్చుంటే పొద్దున అంత పీడించిన రంది ఒక్కోసారి గుర్తుకు కూడా రావడం లేదు.

అత్తమ్మ ఈ రాతలన్నీ చూసి ఊరుకోలేదు. “నీకు దిష్టి తగిలింది బిడ్డా” అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నేను వద్దనలేదు. ఆమె చెయ్యి నా తల చుట్టూ తిరుగుతున్నంతసేపు ఆమె ధ్యాసంతా నా మీదే ఉంది. ఐరన్ మాత్ర వేళకు గుర్తు చేసేది కూడా ఆమెనే.

ఏప్రిల్, సెంటర్ తెరిచాక

పొద్దున ఐదున్నరకు కాల్వ గట్టు మీద నడక. ఆరోగ్య సంస్థలు చెప్పే లెక్క వారానికి 150 నిమిషాలు, అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. ఎండలు ముదిరితే నల్లగొండలో ఏడు దాటాక నడవలేం. పక్కింటి వదిన తోడొస్తుంది. సగం దూరం మాట్లాడుకుంటాం, వచ్చేటప్పుడు మాట్లాడొద్దని ఒప్పందం. కాలి కింద గట్టుమట్టి, కోతకొచ్చిన వరి వాసన, మోటార్ల చప్పుడు. వదిన “నాకు ఈ సగమే మంచిగుంది” అన్నది.

శ్వాసను తగిలించాల్సిన పని దొరికింది. తేమ మిషన్! రైతు కుప్పలో నాలుగు దిక్కుల నుంచి పిడికెడు పిడికెడు తీసి, కలిపి, మిషన్లో పోస్తాం. అంకె నిలబడేదాకా రైతు నా ముఖం చూస్తాడు, నేను అంకె చూస్తాను. 17 శాతం లోపుంటే కాంటా, పైనుంటే మళ్లీ ఆరబోసుకోవాలి. పోయినేడు ఆ క్షణంలోనే నా గుండె దడదడలాడేది. ఇప్పుడు వడ్లు పోయగానే భుజాలు కిందికి వదిలి, ఒక శ్వాస లోపలికి, పొడుగ్గా బయటికి. అంకె చూశాకే మాట. 18 వస్తే గొంతు పెంచకుండా “ఇంకో ఎండ పడాలి తాతా, రేపు పొద్దుగూకే ముందు మళ్లీ చూస్తా” అని చెప్పగలుగుతున్నాను. నా గొంతు నెమ్మదిగా ఉంటే ఎదుటి గొంతు కూడా దిగుతుందని ఈ నెలలో కళ్లారా చూశాను.

నీళ్ల సీసా మర్చిపోవద్దు. ఎండలో నీళ్లు తగ్గినా గుండె వేగం పెరుగుతుంది, దాన్ని బుగులనుకొని ఇంకా భయపడతాం. డ్రమ్ము పక్కనే ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టించాను, హమాలీ అన్నలకు కూడా.

ఏప్రిల్, చివరి వారం

వాన వచ్చింది. సాయంత్రం పడమర నల్లబడి, దుమ్ము లేచి, పది నిమిషాల్లో గాలివాన. రైతులు, హమాలీలు, నేను టార్పాలిన్లు గుంజుతుంటే గాలికి అవి పతంగుల్లా లేస్తున్నాయి. కరెంటు పోయింది. ఒక పెద్దమనిషి తన కుప్ప దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. అప్పుడు నాకు వచ్చింది. ఛాతీ బిగుసుకుంది, చేతులు తిమ్మిర్లెక్కాయి, ఊపిరి అందలేదు. ఇప్పుడే పడిపోతానేమో అనిపించింది.

నేర్చుకున్నది గుర్తుంది. ముప్పు ఉందని మెదడు అనుకోగానే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె, ఊపిరి వేగం అవుతాయి. భయంగా ఉంటుంది కానీ కొద్ది నిమిషాల్లో పైదాకా పోయి తనంతట తనే దిగుతుంది. పరీక్షల్లో నా గుండె బాగుందని నాకు తెలుసు కాబట్టి ఆ మాట నమ్మగలిగాను. మొదటిసారి ఇలా ఛాతీ పట్టేసినవాళ్లు మాత్రం ఇది బుగులేనని ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

డ్రమ్ములో నుంచి నీళ్లు తీసి ముఖం మీద, మణికట్ల మీద కొట్టుకున్నాను. కాళ్లు రెండూ నేలకు గట్టిగా ఆనించాను. కనబడేవి పైకే చెప్పుకున్నాను: కాంటా, ఇటుక, ఎర్ర బకెట్, లారీ తాడు, మా అధ్యక్షురాలు అక్క. తర్వాత ఊపిరి పొడుగ్గా వదలడం. బుగులు అప్పటికప్పుడు మాయం కాలేదు. అది ఉండగానే టార్పాలిన్ అంచు మీద ఇటుక పెట్టాను, ఇంకో ఇటుక పెట్టాను. నాలుగో కుప్ప దగ్గరికి వచ్చేసరికి ఊపిరి దారికి వచ్చింది.

కుప్పల చుట్టూ తీయించిన కాలువ పనిచేసింది, నీళ్లు కింది నుంచి రాలేదు. పైన తడిసిన వడ్లు ఆరబోయడానికి రెండు రోజులు పట్టింది. ఆ పెద్దమనిషి కుప్ప కూడా ఆరింది, కాంటా అయింది.

ఆ రాత్రి ఒళ్లంతా బిగుసుకుపోయి నిద్ర రాలేదు. డాబా మీద మంచం వేసుకొని కండరాలు బిగించి వదిలే పద్ధతి చేశాను. గత శతాబ్దం మొదట్లో ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టరు తెచ్చిన పద్ధతి. పిడికిళ్లు ఐదు అంకెలు గట్టిగా బిగించి ఒక్కసారి వదలాలి. తర్వాత భుజాలు, దవడ, కడుపు, తొడలు, పాదాలు. దవడ అంత బిగబట్టి ఉన్నానని వదిలేదాకా నాకు తెలియలేదు. రోజంతా మూటలు మోసిన హమాలీ అన్నలకు కూడా చూపించాను. “ఇది మంచిగుందక్కా” అని ఇద్దరు రోజూ చేస్తున్నారు.

మే

ఈ నెల రాయాల్సింది నా గురించి తక్కువ.

సంఘంలో పంచసూత్రాలు ఉన్నాయి: క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాయిదా, పుస్తకాల నిర్వహణ. అన్నిట్లోనూ డబ్బు లెక్కే. మీటింగు చివర పది నిమిషాలు అడిగి తీసుకున్నాను. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు తమ రంది చెప్పొచ్చు, అడగనిదే ఎవరూ సలహా ఇవ్వొద్దు, ఇక్కడి మాట బయటికి పోవద్దు. సలహా ఇవ్వకుండా ఉండటమే అందరికీ కష్టమైంది. “ఏం కాదులే”, “ధైర్యంగా ఉండు” అని నోటిదాకా వస్తుంది. ఆ మాటతో చెప్పేవాళ్ల నోరు మూతపడుతుందని రెండో మీటింగుకు అందరికీ అర్థమైంది.

మూడో మీటింగులో ఒక చెల్లె, అప్పుల వాళ్ల ఫోన్లు తట్టుకోలేక బతకబుద్ధి కావడం లేదన్నది. మేం మాట మార్చలేదు. “చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?” అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడిగినవాళ్లు ఉన్నారన్న ఊరట కలుగుతుంది. అక్కడే కూర్చొని టెలీ మానస్ 14416కు ఫోన్ చేశాం. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ సేవ ఇది. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. మరుసటి రోజు అధ్యక్షురాలు అక్క, నేను తోడుగా జిల్లా కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోయాం. ఇప్పుడు మందులు వాడుతోంది, వారం వారం ఎవరో ఒకరం ఇంటికి పోతున్నాం.

ఆమె ఇంట్లో మంచం కింద ఉన్న పురుగుల మందు డబ్బాలు ఆ రోజే తీయించాం. తర్వాత సంఘమంతా కలిసి తీర్మానం రాసుకున్నాం: మందు డబ్బా ఏ ఇంట్లోనూ ఉండొద్దు, పొలం దగ్గర మోటారు రూములో పెట్టెకు తాళం వేసి ఉండాలి. చావాలన్న ఆవేశం చాలాసార్లు కొద్దిసేపు ఉండి పోతుంది. ఆ కొద్దిసేపు మందు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. ప్రభుత్వం వైద్యం అందించాలి. ఈ మాట మీటింగు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయించాను.

జూన్, సెంటర్ మూశాక

ఆఖరి ట్రక్ షీట్ పోయింది. ఒక మిల్లు దగ్గర లోడు దించడానికి చాలా ఆలస్యం చేశారు, ఆ రోజుల్లో రంది పద్దులో పేజీలు నిండాయి. అయినా అన్నం మానలేదు, పిల్లల మీద అరవలేదు.

డాక్టరమ్మ దగ్గర జీఏడీ-7 మళ్లీ నింపాను. పది లోపలికి వచ్చింది, ఐదుకు ఇంకా పైనే. రక్తం పెరిగింది. “ఏది పనిచేసిందమ్మా?” అని అడిగారు. చాయ్, ఐరన్, నడక, నోట్‌బుక్, అన్నీ కలిసే అనుకుంటాను, విడదీసి చెప్పలేను. రోజూ చేసే పనికి తగిలించినవి నిలబడ్డాయన్నది మాత్రం గట్టిగా చెప్పగలను. చాట, తేమ మిషన్, కాల్వ గట్టు ఎట్లాగూ తప్పవు కాబట్టి వాటితో పాటు సాధన కూడా సాగింది. విడిగా టైము కేటాయించుకున్న వాటిలో రంది పద్దు ఒక్కటే మిగిలింది.

ఇంకా దారికి రానిది రాత్రి మెలకువ. తగ్గింది కానీ పోలేదు. దానికి డాక్టరమ్మ చెప్పినవి ఈ వారం మొదలుపెట్టాను. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకు లేవడం, పగలు కునుకు తియ్యకపోవడం. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే మంచం మీద దొర్లకుండా లేచి వసారాలో మసక వెలుతురులో కూర్చోవడం, నిద్ర వచ్చినప్పుడే మళ్లీ పడుకోవడం. టైము చూడకూడదట, చూస్తే లెక్కలు మొదలవుతాయి. అంగట్లో కొన్న గడియారాన్ని వంటింటి గూట్లోకి మార్చాను, మోగితే అక్కడినుంచి కూడా వినబడుతుంది. జూలై చివర డాక్టరమ్మ మళ్లీ రమ్మన్నారు.